చెన్నై ఉక్కపోతలో పీటర్సన్ సిస్టం పైపు

చెన్నైలో పైపు కాల్చేవారికి బాగా తెలిసిన చికాకు ఒకటుంది. పొగాకు సగం కాలేసరికి కాడలో తడి చేరి, పీల్చినప్పుడల్లా గుడగుడమంటుంది. ఆ చేదు నీరు నాలుకకు తగిలితే ఎంత మంచి పొగాకైనా రుచి చెడిపోతుంది. నా దగ్గరున్న పదకొండు పైపుల్లో ఈ బాధ దాదాపుగా లేనిది ఒక్కటే, ఐర్లండు వారి పీటర్సన్ సిస్టం స్టాండర్డ్, 314 నంబరు ఆకృతి. ఎనిమిది నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

చార్ల్స్ పీటర్సన్ 1890లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇందులో ఇప్పటికీ ఉంది. పొగ వచ్చే దారికి దిగువగా, కాడ లోపల ఒక చిన్న గుంట తొలిచి ఉంటుంది. పొగాకులోని తేమ ఆవిరై, చల్లబడి నీరైనప్పుడు అది మూతిగొట్టంలోకి ఎక్కకుండా ఈ గుంటలోకి జారిపోతుంది. కాడ చివర రోకలికి పొన్ను వేసినట్టు లోహపు పట్టీ ఉండటం వల్ల, పైపు వేడిగా ఉన్నప్పుడే మూతిగొట్టాన్ని లాగినా కాడ పగలదు. నవంబరు వానల్లో ఒక సాయంత్రం కాల్చడం పూర్తికాగానే గొట్టం తీసి పైపును కాగితం మీద బోర్లించాను. టీ డికాషను రంగు చుక్కలు నాలుగైదు రాలాయి. అవన్నీ మామూలు పైపులో అయితే నా నోట్లోకి రావలసినవే. అయితే ప్రతిసారీ ఇలా వంచి, కాగితం చుట్టి తుడవవలసిందే. రెండు రోజులు బద్ధకిస్తే ఆ గుంటలోంచి పుల్లటి వాసన వస్తుంది.

1898లో వచ్చిన పీ-లిప్ మూతి దీని రెండో విశేషం. రంధ్రం కొసన కాక పైవైపుకు ఉంటుంది కాబట్టి పొగ నేరుగా నాలుకను తాకకుండా అంగిలి వైపు వెళుతుంది. చక్కెర ఎక్కువగా ఉండే వర్జీనియా పొగాకు తొందరపడి పీలిస్తే నాలుకను మండిస్తుంది. ఈ మూతితో ఆ మంట నాకు బాగా తగ్గింది. పళ్ల మధ్య బిగించి పట్టుకునే అలవాటున్నవారికి మాత్రం ఈ మందపాటి మూతి మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది.

పొగాకు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఈ పైపుకు నేను వర్జీనియానే కేటాయించాను, ఎందుకంటే కట్టెల పొగలో ఆరబెట్టే లటాకియా రకం పొగాకు ఒకసారి బ్రయర్ కర్రతో చేసిన గిన్నెకు పడితే ఆ వాసన నెలల తరబడి వదలదు. మా నాన్నగారు కందుకూరు దగ్గర ముప్పై ఏళ్లు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ నడిపారు. పెరంబూరులోని మా ఇంటికి వచ్చినప్పుడు డబ్బా మూత తీసి చూపిస్తే, ఒక చిటికె వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏరా, ఇది మన బ్యారన్ తలుపు తీసినప్పటి వాసనే కదా" అన్నారు. నిజమే, ఎండుగడ్డి, బెల్లం కలిసిన ఆ వాసన రెండు చోట్లా ఒకటే. అయితే డబ్బాలోంచి తీసిన ఆకును వెంటనే నింపకూడదు. వేసవిలో ఫ్యాను కింద ఇరవై నిమిషాలు పరిస్తే చాలు. వానాకాలంలో ఏసీ గదిలో తప్ప ఆరదు. నగరంలోని ఒక దుకాణంలో విడిగా తూచి అమ్మిన పొగాకు కొని, ఇంటికి తెచ్చి చూస్తే అడుగున తెల్లటి బూజు కనిపించింది. అంతా పారేయవలసి వచ్చింది. అప్పటినుంచి సీలున్న డబ్బా తప్ప కొనడం లేదు.

సేకరణలో ఉన్న మిగతా వాటితో పోలిస్తే, మిస్సోరీ మీర్షామ్ కంపెనీ మొక్కజొన్న కంకి పైపు తడిని బాగా పీల్చుకుంటుంది గానీ ఈ వాతావరణంలో తిరిగి ఆరడానికి చాలా రోజులు పడుతుంది. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతపు మీర్షామ్ రాయి పైపు రుచిలో దీనికంటే ఒక మెట్టు పైనే. చెయ్యి జారితే మాత్రం ముక్కలవుతుంది కనుక అది ఇల్లు దాటదు.

పొగను లోపలికి పీల్చకపోయినా నోటికి, గొంతుకు ముప్పు ఉంటుంది. అందుకే వారానికి రెండుసార్లకు మించి కాల్చను. ఆ రెండింటిలో ఒకటి ఎప్పుడూ ఈ పైపుతోనే. రెండో సిస్టం పైపు కోసం చూస్తున్నాను. ఈసారి కాస్త చిన్న గిన్నె ఉన్నది తీసుకుంటాను, ఎందుకంటే 314 నిండా నింపితే పూర్తయ్యేసరికి దాదాపు గంట పడుతోంది.