నాలుగేళ్లుగా మా ఇంట్లో నిమ్మగడ్డి నూనె

హనుమకొండలో మా ఇల్లు వడ్డేపల్లి చెరువుకు దగ్గర. వానాకాలం వచ్చిందంటే దోమలు, ముక్కవాసన రెండూ కలిసి మొదలవుతాయి. నిమ్మగడ్డి నూనె కొన్నది అందుకే. నాలుగేళ్లలో ఇది ఎనిమిదో సీసా.

మొదటిది ఒక దుకాణంలో కొని మోసపోయాను. తెల్ల కాగితం మీద చుక్క వేస్తే మర్నాటికి కూడా జిడ్డు మరక పోలేదు. అసలు నూనె ఆరిపోతుంది, మహా అయితే లేత పసుపు జాడ మిగులుతుంది.

ఇప్పుడు ములుగు రోడ్డు వైపు ఒక రైతు దగ్గర తెచ్చుకుంటున్నాం. కోతులు ముట్టవని ఆయన ఈ గడ్డి వేశారట. ఒకసారి బట్టీ దగ్గర పొద్దంతా కూర్చుని చూశాను. కోసిన గడ్డిని కాస్త వాడనిచ్చి, పెద్ద స్టీలు ట్యాంకులో తొక్కి నింపుతారు. అడుగున నీళ్లు మరుగుతుంటే ఆవిరి గడ్డిలోని నూనెను వెంటబెట్టుకుని పైకొస్తుంది. చన్నీళ్ల తొట్టిలోంచి వెళ్లే గొట్టంలో చల్లబడి డబ్బాలోకి దిగుతుంది. నీళ్లు కింద, నూనె పైన. వంద కిలోల గడ్డికి అర కిలో అటూ ఇటూ వస్తుంది, అంతే. నూనె తీసిన గడ్డిని ఎండబెట్టి మళ్లీ పొయ్యిలోకే వాడతారు. అది చూశాక నేను ధర దగ్గర బేరమాడడం మానేశాను.

ఇల్లు తుడవడానికి దీన్ని మించింది లేదు. బకెట్‌లో నేరుగా వేస్తే మాత్రం నీళ్ల మీద తేలి ఒకచోటే అంటుకుంటుంది. ముందు చెంచాడు లిక్విడ్ సబ్బులో పది చుక్కలు కలిపి, అది నీళ్లలో పోయాలి. ముక్కవాసన పోతుంది, సాయంత్రం దాకా ఇల్లు హాయిగా ఉంటుంది.

మా అత్తమ్మ మోకాళ్లకు రెండు పెద్ద చెంచాల నువ్వుల నూనెలో నాలుగు చుక్కలు కలిపి మర్దన చేస్తాను. ఒకసారి తొందరలో ఆమె ఉత్త నూనెనే రాసుకున్నారు. చర్మం ఎర్రబడి రెండు రోజులు మండింది. ఇందులో నూటికి 70, 80 పాళ్లు ఆ నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ అనే పదార్థమే, ఆ ఘాటు తక్కువది కాదు. పసిపిల్లలకు అసలు రాయకండి.

దోమల విషయంలో నిరాశే. గంట దాటితే వాసన తేలిపోతుంది, దోమతెర కట్టాల్సిందే. దోమలకని ఎక్కువగా అమ్మే సిట్రొనెల్లా ఇది కాదు, అదే జాతిలో ఇంకో గడ్డి.

ప్లాస్టిక్ సీసాలో పోస్తే అది మెత్తబడింది. ముదురు రంగు గాజు సీసాలో పోసి, మూత బిగించి, బీరువాలో పెట్టండి. ఎండాకాలం పొయ్యి పక్కన ఉంచిన సీసా వాసన మారిపోయి పారబోశాను. 50 మిల్లీలీటర్ల కంటే పెద్దది కొనకండి, మా ఇంటికి అదే ఆరు నెలలు వస్తోంది.