బరువు తగ్గడానికి ప్రోబయోటిక్ క్యాప్సులా, పెరుగా, పీచా: ఏది మేలు?

గట్ బ్యాక్టీరియా మాట ఎత్తితే చాలు, చాలామంది అడిగేది ఇదే. బరువు తగ్గాలంటే ప్రోబయోటిక్ (ఒంటికి మేలు చేస్తుందనే బతికున్న బ్యాక్టీరియా) క్యాప్సుల్ వేసుకోవాలా, పెరుగు లాంటి పులిసినవి తినాలా, లేకపోతే పీచు పెంచాలా అని. పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయని, మన ఒంటికి తిండిలోంచి ఎంత శక్తి అందుతుందనే దాంట్లో వాటి చెయ్యి ఉందని అందరూ వినే ఉంటారు కాబట్టి నేరుగా పోలికకి వస్తా.

నా లెక్కలో తేల్చేసేది ఒక్కటే, లోపలికి పంపిన బ్యాక్టీరియా అక్కడ నిలబడుతుందా లేదా. దీనికి 2013లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జెఫ్రీ గోర్డన్ టీమ్ చేసిన ప్రయోగం తప్పకుండా తెలుసుకోవాలి. కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం అయినవాళ్ళని వెతికి పట్టుకుని, వాళ్ళ మలంలోని బ్యాక్టీరియాని అసలు ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కించారు. తిండి ఒకటే అయినా లావు మనిషి బ్యాక్టీరియా వెళ్ళిన ఎలుకలకి కొవ్వు ఎక్కువ పట్టింది. తర్వాత రెండు రకాల ఎలుకల్నీ ఒకే బోనులో ఉంచారు, ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి కదా, అలా సన్నవాళ్ళ బ్యాక్టీరియా రెండో వాటిలోకి చేరి వాటికి కొవ్వు పట్టకుండా ఆపింది. ఇంతవరకూ అందరూ చెప్తారు. అసలు కీలకం దీని తర్వాత ఉంది. కూరగాయలు, పండ్లు తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్న మేత పెట్టి మళ్ళీ చేస్తే ఆ బ్యాక్టీరియా చేరనే లేదు! అంటే మంచి బ్యాక్టీరియా పక్కనే ఉన్నా, దానికి కావాల్సిన తిండి లోపల లేకపోతే నిలబడదు.

క్యాప్సుల్స్‌తో ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2018లో ఎండోస్కోపీతో పేగుల్లోపలి నుంచే శాంపిల్స్ తీసి చూస్తే, ప్రోబయోటిక్స్ కొందరిలో నిలిచాయి, కొందరిలో చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళిపోయాయి. యాంటీబయోటిక్స్ తర్వాత వేసుకున్నవాళ్ళలో అయితే సొంత బ్యాక్టీరియా తిరిగి రావడమే ఆలస్యమైంది. బరువు మీద జరిగిన ట్రయల్స్ కలిపి చూసినా సగటున తగ్గింది కిలో లోపే. అక్కర్‌మాన్సియా అని ఇప్పుడు బాగా పేరొచ్చిన బ్యాక్టీరియా మీద 2019లో ఒక చిన్న ట్రయల్ వచ్చింది, ఇన్సులిన్ పనితీరు మెరుగైంది కానీ బరువు తేడా గట్టిగా చెప్పుకునేంత లేదు.

పెరుగు, కెఫీర్ (పులియబెట్టిన పాలు), కిమ్చి (కొరియావాళ్ళు పులియబెట్టే కూరగాయలు) లాంటివాటి వైపు నిజంగా బలమైన సాక్ష్యం ఉంది, అది దాచను. స్టాన్‌ఫోర్డ్‌లో 2021లో 36 మందితో 10 వారాల స్టడీ చేస్తే, పులిసినవి తిన్న గుంపులో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపల ఉండే వాపు) గుర్తులు తగ్గాయి. పీచు తిన్న గుంపులో రకాలు అంతగా పెరగలేదు. కాకపోతే అది బరువు తగ్గించడానికి చేసిన స్టడీ కాదు. చక్కెర కలిపిన ఫ్లేవర్డ్ యోగర్ట్‌ని మాత్రం ఈ ఖాతాలో వేయకండి.

అయినా నా ఓటు పీచుకే. పీచుని మనం అరిగించుకోలేం, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్, ప్రొపియోనేట్, ఎసిటేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాల్ని తయారుచేస్తుంది, అవి పేగు గోడలోని కణాల్ని తట్టి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు విడుదలయ్యేలా చేస్తాయి, కడుపు నిండిందన్న కబురు మెదడుకి వెళ్ళడంలో వీటి పాత్ర పెద్దది. 2023లో 17 మందిని ఒక వార్డులో ఉంచి అన్నీ కొలిచి చేసిన స్టడీలో, పీచు ఎక్కువ, ప్రాసెసింగ్ తక్కువ ఉన్న తిండి తిన్నప్పుడు రోజుకి సగటున 116 క్యాలరీలు అదనంగా మలంలోనే బయటికి పోయాయి. చాలా కొద్దిమంది మీద చేసిందే, కానీ మనుషుల మీద ఇంత జాగ్రత్తగా కొలిచినవి అరుదు.

దీన్ని బరువు తగ్గించే ఇంజెక్షన్లతో మాత్రం పోల్చొద్దు. మన ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 నిమిషాల్లో విరిగిపోతుంది, ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లూటైడ్, జీఎల్‌పీ-1 లాగే పనిచేస్తూ వారం పాటు నిలిచేలా తయారుచేసింది, 68 వారాల ట్రయల్‌లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గించింది. పీచు ఆ స్థాయిలో పనిచేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మల మార్పిడి (ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలంలోని బ్యాక్టీరియాని ఇంకొకరి పేగుల్లోకి ఎక్కించడం) గురించి కూడా అడుగుతున్నారు. బరువు కోసమైతే మనుషుల్లో ఇప్పటిదాకా ఫలితం రాలేదు, అంతే.

పీచు రోజుకి కనీసం 25 గ్రాములు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒకే పౌడర్ మీద ఆధారపడకుండా పప్పులు, ముడిధాన్యాలు, కూరగాయలు, పండ్లు, గింజలు మార్చి మార్చి తినండి, పక్కన కాస్త పెరుగు ఉంటే ఇంకా మంచిది. ఒక్కసారిగా పెంచితే గ్యాస్, ఉబ్బరం వచ్చి మొత్తానికే మానేస్తారు, అందుకే వారానికి కొంచెం చొప్పున పెంచుతూ నీళ్ళు కూడా ఎక్కువ తాగండి. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాల తేడాలు వచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్ళకి కొన్ని రకాల పీచు నొప్పిని పెంచుతుంది, వాళ్ళు ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి.