ఊరి చందాల అంబులెన్స్: ఐదేళ్లు వాడాక

మా మండలంలో యువజన సంఘం చందాలతో కొన్న అంబులెన్స్ ఒకటుంది. పట్నం ఆస్పత్రి గేటు దగ్గర ప్రైవేటు బళ్లున్నాయి. ఐదేళ్లుగా రెండూ వాడుతున్నాం. ఊరి బండి ఉండాల్సిందే, కానీ అది 108కి బదులు కాదు. ప్రమాదం, గుండెపోటు, పురిటినొప్పులు అయితే ముందు 108కే ఫోన్ చేయాలి. ఊరి బండి అసలు అక్కరకొచ్చేది వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకు, డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చేవాళ్లకు, తుంటి విరిగి మంచం పట్టిన పెద్దవాళ్లకు.

గొడవ కూడా ఇక్కడే. గేటు దగ్గరి డ్రైవర్లకు బండి కంతులున్నాయి, వాళ్ల బతుకు ఈ ట్రిప్పుల మీదే. ఊళ్లోంచి పేషెంటును తెస్తే ఎవరూ ఏమీ అనరు. ఆస్పత్రి నుంచి బయటికి తీసుకెళ్లేటప్పుడే ‘ఇక్కడ సీరియల్ మాది’ అంటారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రి దగ్గర ఇలాగే బయటి అంబులెన్స్‌ను రానివ్వక, ఒక తండ్రి కొడుకు మృతదేహాన్ని బైకు మీద 90 కిలోమీటర్లు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇంత ఘోరం తలుచుకుంటేనే గుండె చెరువవుతుంది.

మా దగ్గర పనిచేసింది ఒక్కటే, రాతపూర్వక ఒప్పందం. మండలం పేషెంట్లయితే ఊరి బండి, బయటివాళ్లయితే గేటు బళ్లు. వెంటిలేటర్ కావాల్సిన కేసును ఊరి బండి ముట్టుకోదు. ప్రైవేటు బండి ఎక్కేముందు రేటు ఒకవైపుకా, రానుపోనుకా, ఆక్సిజన్‌కి వేరేనా అని అడిగి రాయించుకోవాలి. బిల్లు దగ్గర మాట తేడా వచ్చేది ఎక్కువగా ఈ మూడింట్లోనే.

ఊరి బండి పెద్ద లోటు రాత్రి డ్రైవర్. పగలు నలుగురు ముందుకొస్తారు, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేవాళ్లుండరు. ‘సేవకు జీతమేంటి’ అని సంఘంలో చాలాకాలం ఒప్పుకోలేదు. జీతమిచ్చి ఒకరిని పెట్టాకే రాత్రిపూట బండి కదిలింది. ఈ విషయంలో మొహమాటం పడొద్దు.

ఇక ఆక్సిజన్. బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లు పెడితే 300 నిమిషాలు, 10 పెడితే 150. నిండుగా ఉన్నప్పుడు 150 చూపించే గేజు 50కి దిగిందంటే మిగిలింది 500 లీటర్లే. 10 మీద అది 50 నిమిషాలు. గంటన్నర దారికి అలా బయల్దేరడం ప్రాణంతో చెలగాటం. పేషెంటును దించాక వాల్వు కట్టేయడం మర్చిపోతే తెల్లారేసరికి ఖాళీ, ఎక్కువసార్లు జరిగింది ఇదే. సిలిండర్ వాల్వు తిప్పే తాళంచెవిని గొలుసుతో అక్కడే కట్టేయాలి. రెగ్యులేటర్ బిగుసుకుపోయిందని గ్రీజు, నూనె రాయకూడదు, ఆక్సిజన్ తగిలితే అంటుకుంటుంది. ఆక్సిజన్‌కి తేమ పట్టించే నీళ్ల సీసాలో నీళ్లు రోజూ మార్చాలి.

స్ట్రెచర్ లోపలికి తోశాక లాక్ టక్కుమన్న చప్పుడు వినాలి. రాకపోతే బ్రేకు వేసినప్పుడు మనిషితో సహా జారుతుంది. సక్షన్ మిషన్ (గొంతులోని కఫం లాగేది), ఇన్వర్టర్ బండి బ్యాటరీకే కలిపితే నాలుగు రోజులు నిలబడ్డాక ఇంజిన్ స్టార్టవదు. వాటికి రెండో బ్యాటరీ వేరుగా పెట్టించాలి. ట్రిప్పు లేకపోయినా వారానికి రెండుసార్లు బండిని రోడ్డెక్కించాలి.