మండీ బజార్‌లో దొరికిన ముహాసబా డైరీ: గడులు కాదు, ప్రశ్నలే అసలు సరుకు

వరంగల్ మండీ బజార్‌లో అత్తర్లు, టోపీలు, తస్బీలు (జపమాలలు), ఖుర్ఆన్ ప్రతులు అమ్మే ఒక చిన్న దుకాణంలో హిజ్రీ (ఇస్లామీ క్యాలెండర్) 1446 సంవత్సరానికి అచ్చయిన ముహాసబా డైరీ, అంటే ఏ రోజు నడత లెక్క ఆ రోజు మనమే చూసుకుని రాసుకునే పుస్తకం, కొన్నాను. ముదురాకుపచ్చ అట్ట, రోజుకు ఒక పేజీ, మొదటి నుంచి చివరి వరకు తెలుగు. జేబులో పట్టేది ఒకటి, నోటుపుస్తకమంతది ఒకటి ఉన్నాయి. పెద్దదాని వెల 180 రూపాయలు. "పెద్దది తీస్కో ఆపా, చిన్నదాంట్ల రాసుకోనీకి జాగ ఉండదు" అని దుకాణదారు చెప్పిన మాట అమ్మకం కోసం చెప్పినది కాదని మొదటి వారంలోనే తెలిసింది.

ఇటువంటి వస్తువు తెలుగులో రావలసిన అవసరం మా వైపు చాలా ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూనే, బడిలో తెలుగు మాధ్యమంలో చదివి, ఉర్దూ లిపిని కూడబలుక్కుని చదివే కుటుంబాలు హనుమకొండ, కాజీపేట, హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఎన్నో ఉన్నాయి. దీన్ (మతం) గురించి వినడం ఉర్దూలో జరుగుతుంది, రాసుకోవడం మాత్రం తెలుగులోనే కుదురుతుంది. జుమా (శుక్రవారం) నాడు విన్న బయాన్ (మసీదు ప్రసంగం) ఇంటికి వచ్చేసరికి చెదిరిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

డైరీ ముందుమాట రెండు పేజీలే అయినా సూటిగా ఉంది. ప్రతి మనిషీ రేపటి కోసం ముందుగా ఏమి పంపుకున్నాడో చూసుకోవాలన్న ఖుర్ఆన్‌లోని హష్ర్ సూరా (అధ్యాయం) 18వ ఆయతుతో (వాక్యంతో) మొదలై, మీ లెక్క అడిగే రోజు రాకముందే మీ లెక్క మీరే చూసుకోండని రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ చెప్పినట్లు ప్రసిద్ధమైన మాట మీదుగా ఇస్లామీ పండితుడు ఇమామ్ గజాలీ (1058–1111) దగ్గరకు వస్తుంది. గజాలీ తన గ్రంథం ఇహ్యా ఉలూముద్దీన్‌లో మనిషి తన నఫ్స్‌ను (కోరికల వైపు లాగే మనసును) వ్యాపారంలో భాగస్వామిగా భావించాలంటారు: పొద్దున పెట్టుబడి చేతికిచ్చి షరతు పెట్టాలి, పగలంతా కనిపెట్టి ఉండాలి, రాత్రి కూర్చుని లాభనష్టాలు తేల్చాలి. ఏనుమాముల మార్కెట్‌లో చిట్టా రాసే గుమాస్తాలను చూసిన వారికి ఈ పోలికను విప్పి చెప్పనక్కరలేదు. ఆయన చెప్పిన ఆరు మెట్లలో ముషారతా (షరతు పెట్టడం), మురాఖబా (కనిపెట్టి ఉండడం), ముహాసబా (లెక్క తేల్చడం) అనే మొదటి మూడింటినే తీసుకుని, తప్పుకు శిక్ష వేసుకోవడం, నఫ్స్‌ను కష్టపెట్టడం, దాన్ని నిందించడం అనే తక్కిన మూడింటినీ డైరీ వదిలిపెట్టింది. గురువు లేకుండా ఇంట్లో ఒంటరిగా రాసుకునే వారికి ఈ వదిలివేత మేలే చేస్తుంది.

ఇక పేజీ సంగతి. పై సగంలో సన్నని ఆకుపచ్చ గీతలతో గడులున్నాయి. ఐదు నమాజులకు ఐదు వరుసలు, ఒక్కొక్క వరుసలో జమాత్ (అందరితో కలిసి), ఒంటరిగా, ఖజా (వేళ తప్పాక చదివినది) అని మూడు గడులు. వాటి కింద ఖుర్ఆన్ పారాయణం, జిక్ర్ (దైవస్మరణ), సదఖా (దానం), తల్లిదండ్రులు–పొరుగువారి హక్కులు. అన్నిటికీ కుడివైపు మార్కులు, అడుగున 100కు మొత్తం. కింది సగంలో ఐదు ప్రశ్నలు, వాటికి జవాబుగా నాలుగేసి గీతలు. ఈ రెండు సగాలూ ఒకే పేజీలో ఉన్నా ఒకే మనసుతో తయారైనవి కావని నాకు అనిపించింది. పై సగం పరీక్ష పేపరు దిద్దే వారు గీసినట్లుంది. కింది సగాన్ని మాత్రం తన లోపలికి తాను చూసుకున్న మనిషెవరో రాశారు.

ముందు లోపాలు చెబుతాను, ఎందుకంటే వాటిలో ఒకటి రోజాకే (ఉపవాసానికే) సంబంధించినది. చివరి పేజీల్లో ఇచ్చిన నమాజు వేళలు హైదరాబాద్‌వి. వరంగల్ హైదరాబాద్‌కు ఒక డిగ్రీకి పైగా తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ తెల్లవారడమూ పొద్దుగూకడమూ నాలుగైదు నిమిషాలు ముందే జరుగుతాయి. ఇఫ్తార్ నాలుగు నిమిషాలు ఆలస్యమైతే వచ్చే నష్టమేమీ లేదు గానీ, సహర్ (రోజాకు ముందు తెల్లవారుజామున తినే భోజనం) ముగింపును హైదరాబాద్ వేళ ప్రకారం పాటించేవారు ఇక్కడ ఫజర్ (తెల్లవారుజాము నమాజు) వేళ ప్రవేశించిన తరువాత కూడా తింటూ ఉంటారు. ఆ పట్టిక కింద "వరంగల్, హనుమకొండ వారు ఐదు నిమిషాలు తగ్గించుకోవాలి" అని ఒక్క వాక్యం వేసి ఉంటే సరిపోయేది. అందాకా మన మసీదు గోడ మీది పట్టికనే నమ్మడం క్షేమం.

తేదీలదీ ఇదే కథ. హిజ్రీ తేదీలను సౌదీ క్యాలెండర్ ప్రకారం ముందే అచ్చు వేశారు. 2025లో అక్కడ మార్చి 1న రంజాన్ మొదలైతే, నెలవంక చూసుకుని మనం మార్చి 2న మొదలుపెట్టాం. ఫలితంగా రంజాన్ నెలంతా డైరీలో ఒక రోజు, మన రోజాలో ఒక రోజు. దీనికి తోడు పేజీ ఫజర్‌తో మొదలై ఇషాతో (రాత్రి నమాజుతో) ముగుస్తుంది. ఇస్లామీ లెక్కలో రోజు మారేది మగ్రిబ్‌తో (పొద్దుగూకగానే చదివే నమాజుతో) కాబట్టి గురువారం రాత్రి చదివిన కహఫ్ సూరాను గురువారం పేజీలో రాయాలో శుక్రవారం పేజీలో రాయాలో తేలదు. ఇది పెద్ద ఇబ్బంది కాదు, నేను శుక్రవారంలోనే రాసుకుంటున్నాను.

అసలు ఇబ్బంది మార్కులతోనే. నమాజులకు 50, పారాయణానికి 15, జిక్ర్‌కు 10, సదఖాకు 10, హక్కులకు 15. జమాత్‌తో చదివిన నమాజుకు 10, ఒంటరిగా చదివితే 5, ఖజా చేస్తే 2. జమాత్ నమాజు ఒంటరి నమాజు కంటే 27 రెట్లు శ్రేష్ఠమన్న హదీసును (ప్రవక్త మాటను) మనసులో పెట్టుకుని మగవారి కోసం వేసిన లెక్క ఇది. స్త్రీకి ఇంట్లో నమాజే ఉత్తమమని మనకు నేర్పారు. ఆ ఉత్తమమైన పని చేసిన స్త్రీకి ఐదు నమాజులకు కలిపి వచ్చేది 25. అంటే ఆమె ఎంత శ్రద్ధగా ఉన్నా ఈ డైరీలో 75 దాటదు. నెలసరి రోజుల్లో నమాజు మాఫీ, తరువాత ఖజా కూడా లేదు; ముస్‌హఫ్ (ఖుర్ఆన్ ప్రతి) పట్టుకుని పారాయణమూ చేయదు. ఆ రోజుల్లో ఆమెకు దొరికే గరిష్ఠం 35. అల్లాహ్ సడలింపు ఇచ్చిన చోట డైరీ కోత పెడుతోందన్నమాట. నెల చివర మొత్తాలు కూడుకుని దిగులుపడే ఆడపిల్లలు ఉంటారని వేసినవారికి తట్టినట్లు లేదు. మాఫీ అని ఒక నాలుగో గడి ఉంటే ఈ సమస్యలో చాలా భాగం తీరుతుంది.

పిల్లల చేతిలో మార్కులు ఇంకో రకంగా పనిచేశాయి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, అమ్మాయి ఆరో తరగతి. ఇద్దరికీ చెరొకటి కొనిచ్చిన మొదట్లో ఫజర్‌కు లేపకుండానే లేచారు. ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయను. కొద్ది రోజులకే మొత్తాలు పోల్చుకోవడం, నీకెన్ని నాకెన్ని అనుకోవడం మొదలైంది. ఒక సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చిన అబ్బాయి పుస్తకం తెరిచి ఆనాటి ఐదో వరుసలో కూడా టిక్కు పెట్టి, 95 అని మొత్తం వేసి, చెల్లెలికి చూపిస్తున్నాడు. అప్పటికి ఇంకా మగ్రిబ్ అజానే కాలేదు. ఇషా ఎలాగూ చదువుతాను కదా అన్నాడు. ఆ రాత్రి చదివాడు కూడా. వాడు అబద్ధం చెప్పలేదు. కాకపోతే నమాజు చదవకముందే దాని ఫలం చెల్లెలి ముందు ఖర్చు చేసుకున్నాడు. ఎవరైనా చూడాలని చేసే ఆరాధనను ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చిన్న షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) అని ఎందుకు హెచ్చరించారో పెద్దవాళ్లకు పుస్తకాల్లో చదివితే అర్థమయ్యేదానికంటే ఆ 95 అంకెను చూస్తే ఎక్కువ అర్థమవుతుంది. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో మూడు డైరీల్లోనూ మార్కుల వరుస మీద కాగితం పట్టీ అంటించేశాం.

కింది సగం ఇందుకు పూర్తిగా వేరు. ప్రశ్నలు ఇవి: ఈరోజు ఎవరి మీద కోపం వచ్చింది, నిజంగా ఎందుకు? ఎవరి గురించి వారు లేని చోట మాట్లాడాను? ఏ పనిని ఎవరో చూస్తారని చేశాను? అల్లాహ్ చేసిన ఏ మేలును గమనించకుండా దాటిపోయాను? రేపటికి నా నఫ్స్‌తో పెట్టుకునే ఒక్క షరతు ఏమిటి?

మొదటి ప్రశ్నలోని "నిజంగా" అన్న మాటను ఎవరు చేర్చారో గానీ వారి కోసం దుఆ (ప్రార్థన) చేస్తున్నాను. ఆ మాట లేకపోతే జవాబు ఎదుటివారి తప్పుల జాబితా అవుతుంది. అది ఉండడం వల్ల కలం ఒక క్షణం ఆగుతుంది. పిల్లవాడు గ్లాసు పగలగొట్టాడని రాయబోయి, గ్లాసు పగలడానికి గంట ముందు ఫోనులో విన్న మాట దగ్గరకు చేరుకుంటాం. వరుసగా కొన్ని పేజీలు వెనక్కి తిప్పితే కోపాలన్నీ అసర్‌కూ (సాయంత్రం నమాజుకూ) మగ్రిబ్‌కూ మధ్యనే, అలసటా ఆకలీ కలిసే వేళలోనే ఉన్నట్లు నా పేజీల్లో కనిపించింది. దీనికి పరిష్కారం ఉపదేశం కాదు. అసర్ తరువాత కాసేపు నడుం వాల్చడం, ఆ వేళలో ఎవరితోనూ లెక్కలు తేల్చుకోకపోవడం. తన గురించి తనకు తెలియడం అంటే పెద్ద అనుభూతి ఏదో కలగాలని అనుకునే వారికి ఇది చప్పగా ఉండవచ్చు.

రెండో ప్రశ్న గీబత్ గురించి. లేని మనిషి గురించి అతనికి నచ్చని మాట అనడమే గీబత్ అని, ఆ మాట నిజమైతేనే అది గీబత్ అని, అబద్ధమైతే అపనింద అవుతుందని హదీసు చెబుతుంది. హుజురాత్ సూరా 12వ ఆయతు దాన్ని చనిపోయిన సోదరుని మాంసం తినడంగా చెబుతుంది. ఉన్న మాటే కదా అన్నాను అని మనమందరం చెప్పుకునే సమాధానం ఇక్కడ చెల్లదు. ఈ ప్రశ్నకు రాసే జవాబు విషయంలో నాదొక సూచన: పేరు రాయకూడదు, అన్న మాట అసలే రాయకూడదు. రాస్తే గీబత్ కాగితం మీద రెండోసారి జరిగినట్లే. సందర్భం రాసుకుంటే చాలు, పెళ్లి భోజనాల దగ్గర, స్టాఫ్ రూమ్‌లో, ఫోనులో అని. డైరీ ఈ జాగ్రత్త చెప్పి ఉండవలసింది.

నెలకొక పేజీ చొప్పున ఇచ్చిన ఇస్తిఖామత్ (నిలకడ) పట్టిక కూడా పనికొచ్చేదే. కొంచెమైనా విడవకుండా చేసే పనే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదన్న హదీసు దాని పైన అచ్చయి ఉంది. ఫజర్ ఖాళీగా ఉన్న రోజులకు ముందు రాత్రి ఇషా ఎన్ని గంటలకు చదివామో పక్కన రాసుకుంటే, ఫజర్ సమస్య తెల్లవారుజామున కాదు, ముందు రాత్రి పదకొండు గంటల ఫోనులో పుడుతోందని ఎవరూ చెప్పనవసరం లేకుండా తెలుస్తుంది. ఇషా తరువాత కబుర్లను ప్రవక్త ఇష్టపడలేదన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

ఒక విషయంలో మాత్రం డైరీతో ఏకీభవించలేను. వారానికొకసారి పేజీలను ఒక సాథీకి (స్నేహితునికో స్నేహితురాలికో) చూపించి సంతకం తీసుకోవాలని అట్ట లోపలి వైపు సూచన ఉంది. రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ కప్పి ఉంచితే పొద్దున్నే తానే బయట చెప్పుకునేవారి గురించి బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాల్లో గట్టి హెచ్చరిక ఉంది. ముర్షిద్ (ఆధ్యాత్మిక గురువు) దగ్గర మనసు చికిత్స కోసం తన స్థితి చెప్పుకోవడం వేరు. ఆ సంప్రదాయం కాజీపేట దర్గా ఉన్న మన ప్రాంతంలో తెలియనిది కాదు. స్నేహితురాలి సంతకం కోసం పేజీ తెరవడం వేరు. పైగా ఒకరు చూస్తారని తెలిసిన రోజు నుంచి మూడో ప్రశ్నకు నిజమైన జవాబు రావడం ఆగిపోతుంది. పైసగం పేజీ చూపిస్తే చూపించవచ్చు, కింది సగం ఎవరికీ చూపించనవసరం లేదు.

అచ్చు శుభ్రంగా ఉంది, అక్షరదోషాలు తక్కువ. కాగితం పలుచన, జెల్ పెన్నుతో రాస్తే వెనక్కి దిగుతుంది, బాల్ పెన్ను మేలు. దుఆలను అరబీలోనూ దాని కింద తెలుగు లిపిలోనూ ఇచ్చారు. తెలుగు లిపిని ఆసరాగా మాత్రమే వాడుకుని ఉచ్చారణ తెలిసినవారి దగ్గర సరిచూసుకోవాలి. ప్రతి పేజీ మీదా ఆయతు ముద్రించడం అందంగానే ఉంది గానీ, ఏడాది గడిచాక సొంత తప్పులు రాసుకున్న ఆ కాగితాలను చించి పారేయడానికి లేదు, పాత ముస్‌హఫ్‌లతో పాటు భద్రపరచమని మసీదులో ఇవ్వడానికీ లేదు. గౌరవంగా పూడ్చిపెట్టడమే దారి. మెచ్చుకోదగిన మరో సంగతి, ఉర్సు (దర్గా ఉత్సవం), మీలాద్ (ప్రవక్త జన్మదినం) వంటి మస్లక్ (ఇస్లాంలోని వర్గాల) భేదాలున్న అంశాల జోలికి ఇది పోలేదు. ఏ మసీదుకు వెళ్లేవారైనా పేచీ లేకుండా వాడుకోవచ్చు.

పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఉర్దూ చదవడం కష్టమై ఇన్నాళ్లూ ఇటువంటి అభ్యాసానికి దూరంగా ఉన్నవారికి, ఈ డైరీని కొనమనే చెబుతాను. పది, పన్నెండేళ్ల పిల్లలకు వద్దు. 180 రూపాయలు ఎక్కువ అనుకుంటే ఒక లాంగ్ నోటుబుక్కులో ఆ ఐదు ప్రశ్నలూ పేజీకొకసారి రాసుకున్నా నూటికి ఎనభై పాళ్ల ప్రయోజనం దక్కుతుంది. హిజ్రీ ఏడాది మొదలయ్యే ముహర్రంకు కొత్త సంవత్సరం డైరీ వస్తుందని దుకాణదారు అన్నారు. వరంగల్ వేళలు వేసి, తేదీలు మనమే రాసుకునేలా ఖాళీ వదిలి, మాఫీ గడి చేర్చమని ఒక చీటీ రాసి ఆయన చేతికిచ్చాను. అచ్చు వేసేవారికి అందిస్తానన్నారు.