జయపురంలో ఫాగ్ లైట్ స్విచ్చుకు బల్బు వేయించుకున్న దుకాణం

సాలూరు దాటాక సుంకి ఘాటు రోడ్డు ఎక్కి, సెమిలిగుడ, కొరాపుట్‌ల మీదుగా ఒడిశాలోని జయపురం చేరే 26వ నంబరు జాతీయ రహదారిపై చలికాలంలో తెల్లవారుజామున కారు నడిపేవారికి, పొగమంచులో దారి చూపే ఫాగ్ లైట్ల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఆ లైట్లు వెలుగుతున్నాయో లేదో సీట్లో కూర్చుని తెలుసుకోవడానికి మా పాత డీజిల్ కారులో ఉన్న ఏకైక ఆధారం, డ్యాష్‌బోర్డు స్విచ్చులోనే వెలిగే చిన్న ఆకుపచ్చ దీపం. మీటరు బోర్డులో దానికి వేరే గుర్తు ఏదీ లేదు. ఆ దీపం ఆరిపోతే, మంచు విడిపోయాక కూడా లైట్లు ఆర్పడం మరచిపోయి, ఘాటు మలుపుల్లో ఎదురొచ్చే లారీ డ్రైవర్ల కళ్లలోకి వెలుతురు కొడుతూ పోతాము. ఆ దీపాన్ని జయపురంలోని ఒక చిన్న ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో బాగు చేయించాను. అక్కడ పని జరిగిన తీరు ఈ ప్రాంతంలో పాత కార్లు నడిపే తెలుగువారందరికీ తెలియాలన్న కోరికతో ఇది రాస్తున్నాను.

అంతకుముందు చూపించిన ఒక సర్వీసు కేంద్రంలో స్విచ్చు మొత్తం మార్చాలని, అది బయటి నుంచి తెప్పించాలని చెప్పారు. ఈ మధ్య వస్తున్న కార్లలో ఆ మాట చాలావరకు నిజమే, ఎందుకంటే వాటి స్విచ్చుల్లో చిన్న ఎల్ఈడీని సర్క్యూట్ బోర్డుకే అతికించి ఉంచుతారు. కానీ పాత కార్లలో చాలా స్విచ్చులకు వెనుక నుంచి తిప్పి తీయగలిగే హోల్డరు ఉంటుంది. అది ఉందో లేదో చూడకుండానే స్విచ్చు మార్చమనడం నాకు సమంజసంగా తోచలేదు.

జయపురం దుకాణం పైన బోర్డు ఒడియాలో ఉంటుంది గానీ, నడిపే మేస్త్రి తెలుగువారే. లారీలకు పేరున్న సాలూరులో వైరింగు పని నేర్చుకుని ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మాతో తెలుగులోను, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవారితో దేశియా అనే ఇక్కడి ఒడియా యాసలోను అంతే సులువుగా మాట్లాడతారు. నేను చెప్పింది విని ఆయన వెంటనే డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేయలేదు. మొదట పార్కింగు లైట్లు వేయించారు. స్విచ్చు మీది బొమ్మ వెలిగింది. తరువాత ఫాగ్ లైట్లు వేయించి, కారు ముందుకు వెళ్లి, రెండూ వెలుగుతున్నాయని చూసుకున్నారు. అప్పుడు, "స్విచ్చు బాగానే ఉంది బాబూ, లోపలి బల్బే పోనాది" అన్నారు.

ఆ నిర్ణయం వెనుక ఉన్న లెక్క తెలిస్తే ఎవరైనా తమ కారులో ఇదే పరీక్ష చేసుకోవచ్చు. ఇటువంటి స్విచ్చులో రెండు బల్బులు ఉంటాయి. ఒకటి రాత్రిపూట చేతికి స్విచ్చు ఎక్కడుందో చూపించడానికి పార్కింగు లైట్లతో పాటు వెలుగుతుంది, రెండవది స్విచ్చు వేసినప్పుడు మాత్రమే వెలుగుతుంది. మొదటిది వెలుగుతూ, ఫాగ్ లైట్లు కూడా పనిచేస్తూ, రెండవది మాత్రమే వెలగడం లేదంటే, ఫ్యూజును గానీ, లైట్లకు కరెంటు అందించే రిలేను గానీ, స్విచ్చు లోపలి కాంటాక్టులను గానీ అనుమానించే పని లేదు. తప్పు ఆ బల్బులోనో, అది కూర్చునే హోల్డరులోనో, దాని ఎర్తులోనో ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు ఆయన బ్యాటరీ నెగటివ్ వైరు విప్పారు. దానివల్ల గడియారం, రేడియోలో పెట్టుకున్న స్టేషన్లు చెరిగిపోతాయని ముందే చెప్పి నా సమ్మతి అడిగారు. ఆ తరువాత డ్యాష్‌బోర్డు అంచున మెత్తని గుడ్డ పరిచి, అరగదీసి పలుచన చేసిన ప్లాస్టిక్ పట్టీతో ప్యానెల్‌ను ఒక్కొక్క క్లిప్పు దగ్గర కొంచెం కొంచెంగా లేపారు. ఎండకు ఎండిన పాత ప్లాస్టిక్ చల్లటి ఉదయం పూట పెళుసుగా ఉంటుంది కాబట్టి స్క్రూడ్రైవరుతో ఒక్కసారిగా ఎత్తితే క్లిప్పులు విరుగుతాయని, అలా విరిగిన ప్యానెల్ ఆ తరువాత గతుకుల రోడ్డు మీద ఎప్పుడూ గలగలలాడుతూనే ఉంటుందని చెప్పారు. స్విచ్చు బయటికి వచ్చాక, వైర్లను దానికి కలిపే కప్లరు లాక్ నొక్కి విడదీశారు తప్ప వైర్లు పట్టుకుని లాగలేదు.

వెనుక ఉన్న నల్లటి హోల్డరును పావు చుట్టు తిప్పగానే బల్బు చేతికి వచ్చింది. వడ్లగింజ కన్నా కాస్త లావుగా ఉన్న ఆ గాజు లోపలి వైపు పూర్తిగా నల్లబడి, ఫిలమెంట్ మధ్యలో తెగి ఉంది. అది 12 వోల్టుల, 1.2 వాట్ల టీ5 రకం బల్బు. గాజు మీద ఆకుపచ్చ రబ్బరు తొడుగు ఉంది. వెలుతురుకు రంగు ఇచ్చేది ఆ తొడుగే, లోపలి బల్బు మామూలుదే. ఆ తొడుగును ఆయన లాగకుండా, వేళ్ల మధ్య మెల్లగా దొర్లిస్తూ తీసి కొత్త బల్బుకు ఎక్కించారు. హోల్డరులోని రేకులకు వానాకాలపు చెమ్మ వల్ల పట్టిన నల్లటి పొరను సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, వాటిని కొద్దిగా లోపలికి వంచి, బల్బు కాళ్లను గట్టిగా పట్టేలా చేశారు. రెండు బల్బుల వయసూ ఒకటే కాబట్టి, మళ్లీ ప్యానెల్ విప్పే అవసరం రాకుండా రెండవదాన్ని కూడా ఇప్పుడే మార్చడం మేలన్నారు. నేను ఒప్పుకున్నాను.

పాతదాని కన్నా ఎక్కువ వాట్ల బల్బు వేస్తే బాగా వెలుగుతుంది కదా అని అక్కడ కూర్చున్న మరో కారు యజమాని అడిగారు. దానికి మేస్త్రి ఇచ్చిన జవాబు ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోదగ్గది. గాలి ఆడని ఆ చిన్న గూటిలో వేడి బయటికి పోయే దారి లేదు, వాట్లు పెంచితే ముందు తొడుగు మాడుతుంది, తరువాత స్విచ్చు ముఖమే వంకర పోతుంది.

ఎల్ఈడీ సంగతి నేనే అడిగాను. ఆయన దగ్గర అదే కొలతలో తెల్లటి ఎల్ఈడీ కూడా ఉంది. మాటలతో సరిపెట్టకుండా దాన్ని పెట్టి చూపించారు. మొదటిసారి వెలగలేదు, తిప్పి పెడితే వెలిగింది, ఎందుకంటే ఎల్ఈడీకి ప్లస్ మైనస్ కుదరాలి, ఫిలమెంట్ బల్బుకు ఆ పట్టింపు లేదు. అయితే ఆకుపచ్చ తొడుగు లోంచి ఆ వెలుతురు నీలం కలిసిన రంగులో వచ్చింది. డిమ్మరు ఎంత తగ్గించినా పక్క స్విచ్చులతో సమానంగా తగ్గలేదు. ఎల్ఈడీ ఎక్కువ కాలం మన్నుతుందనడంలో సందేహం లేదు గానీ, రాత్రి ఘాటు రోడ్డు మీద నడిపేవారికి డ్యాష్‌బోర్డులో ఒక్క స్విచ్చే కళ్లలోకి పొడుచుకొచ్చేలా వెలగడం మంచిది కాదని నాకూ అనిపించింది. మామూలు బల్బే వేయించుకున్నాను.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఆ తరువాత జరిగిన పని. బల్బు వెలిగింది కదా అని ఆయన చేతులు దులుపుకోలేదు. పార్కింగు బల్బులు కూడా ఈ మధ్య మార్చామని నా మాటల్లో విన్నారు కాబట్టి, ఇంజను నడిపించి మల్టీమీటరును బ్యాటరీ మీద పెట్టారు. ఐడిలింగులో 14.1 వోల్టులు చూపించింది. యాక్సిలరేటరు తొక్కినా 14.4 దాటలేదు. అది 15 దాటితే, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరులో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరును అనుమానించాలని, అప్పుడు ఎన్ని బల్బులు మార్చినా ఒకదాని తరువాత ఒకటి పోతూనే ఉంటాయని వివరించారు. ఫిలమెంట్ బల్బు ఆయుష్షు వోల్టేజీ కొద్దిగా పెరిగినా చాలా వేగంగా పడిపోతుంది. మా కారులో ఛార్జింగు సరిగానే ఉందని తేలింది కాబట్టి ఆ బల్బు వయసు తీరి పోయిందన్నమాట. ఇంత చిన్న పనికి కారణం కూడా వెతికే మేస్త్రులు ఈ వైపు అరుదు.

రెండు బల్బులకు, కూలికి కలిపి 250 రూపాయలు తీసుకున్నారు. చేసిన పనికి అది న్యాయమైన ధర. ప్యానెల్ బిగించాక ఎక్కడా సందు లేదు, గీత పడలేదు. తీసిన పాత బల్బులను ఒక కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

లోపాలు లేవని అనను. అడిగితే తప్ప బిల్లు రాయరు, రాసినా అందులో బల్బు రకం ఉండదు. కంపెనీ కారు తెచ్చేవారికి ఇది ఇబ్బంది. దుకాణం ఉన్న వీధి ఇరుకు, పొద్దెక్కితే కారు పక్కకు పెట్టడానికి చోటు దొరకదు. కూర్చోవడానికి ఒక్క బల్ల తప్ప మరేమీ లేదు. స్విచ్చులో ఎల్ఈడీ బోర్డుకే అతికించి ఉన్న కొత్త కార్లను ఆయన ముట్టుకోరు, ఆ మాట మొదటే చెప్పి పంపేస్తారు. దాన్ని మాత్రం నేను లోపంగా భావించను. నవరంగ్‌పూర్, కొరాపుట్ వైపుల నుంచి వచ్చేవారు దుకాణం తెరిచే వేళకే చేరుకుంటే, లారీల పని మొదలుకాక ముందే ఆయన తీరికగా చూస్తారు.