టాంగ్ టెస్టర్ కొన్నేళ్లు వాడాక: ఓమ్స్ రేంజ్ కన్నా భాగహారమే నమ్మకం

ఇళ్ల వైరింగ్, గీజర్లు, మోటార్ల రిపేర్లు చేసే నా సంచిలో రోజూ ఉండాల్సిన వస్తువు టాంగ్ టెస్టర్. క్లాంప్ మీటర్ అని కూడా అంటారు. వైరు కోయకుండా, దాన్ని తెరుచుకునే దవడ మధ్యలో పట్టి కరెంటు కొలిచే మీటర్ ఇది. నాది మధ్యరకం ధరది. ఏసీ కరెంటు, వోల్టేజీ, ఓమ్స్ (రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు), కంటిన్యుటీ (వైరు తెగిందా లేదా) చూపిస్తుంది. డీసీ కరెంటు చూపించదు. కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి, కొనాలనుకునేవాళ్లకు ఇందులో దేన్ని నమ్మొచ్చో, దేన్ని నమ్మకూడదో చెప్తాను.

ముందుగా అసలు విషయం. హీటర్ కాయిల్‌దైనా వైరుదైనా రెసిస్టెన్స్ తెలియాలంటే ఓమ్స్ రేంజ్ మీద ఆధారపడకండి. లోడ్ నడుస్తుండగా వోల్టేజీ, కరెంటు రెండూ చూసి లెక్క కట్టండి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. జర్మనీలో జార్జ్ ఓమ్ 1827లో అచ్చువేసిన సూత్రమే ఇది, ఐటీఐలో మనమంతా బట్టీ పట్టిందే. దీని విలువ మాత్రం పనిలోనే తెలుస్తుంది.

ఒక గీజర్ సంగతి చెప్తాను. 2000 వాట్లది. 230 వోల్టుల దగ్గర 8.7 ఆంప్స్ తీసుకోవాలి, కాయిల్ 26.5 ఓమ్స్ దాకా ఉండాలి. నీళ్లు ఇదివరకటిలా కాగట్లేదని, ప్లగ్ దగ్గర కాలిన వాసన వస్తోందని పిలిచారు. గీజర్ నడుస్తుండగా దాని టెర్మినల్స్ దగ్గర 219 వోల్టులు, 8.3 ఆంప్స్ వచ్చాయి. భాగిస్తే 26.4 ఓమ్స్. అంటే కాయిల్ బాగానే ఉంది, మార్చక్కర్లేదు. గుణిస్తే దాదాపు 1820 వాట్లు. అదే సమయంలో డీబీ (ఇంటి మెయిన్ స్విచ్‌లుండే బోర్డు) దగ్గర 231 వోల్టులున్నాయి. మరి మధ్యలో 12 వోల్టులు ఎటు పోయినట్టు?

డీబీ నుంచి బాత్రూమ్ దాకా 15 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. పోను రాను 30 మీటర్లకు రెసిస్టెన్స్ 0.22 ఓమ్స్ చుట్టుపక్కల ఉంటుంది, అందులో రెండు వోల్టులు కూడా పడవు. మిగతా 10 వోల్టులూ ఎక్కడో ఒక జాయింట్‌లో పడుతున్నాయి. పదిని 8.3తో గుణిస్తే 83 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లకే సీసం కరిగిస్తుంది, ఇక్కడ దానికి మూడింతల వేడి ఒక్క స్క్రూ కింద పుడుతోంది. మెయిన్ ఆపి సాకెట్ విప్పి చూస్తే న్యూట్రల్ స్క్రూ వదులుగా ఉంది. వైరు తొడుగు నల్లబడి, పట్టుకుంటే పెళుసుగా రాలిపోతోంది. లోపలి రాగి కూడా కమిలిపోయింది. మెరిసే రాగి వచ్చేదాకా వైరు కోసి, కొత్త 16 ఆంప్స్ సాకెట్ బిగించాక గీజర్ దగ్గర 229 వోల్టులు వచ్చాయి.

ఇలాంటి జాయింట్‌ను ఓమ్స్ రేంజ్ పట్టలేదు. ప్రోబ్ వైర్లకే మూడు నాలుగు పదో వంతుల ఓమ్ ఉంటుంది. పైగా లూజ్ కనెక్షన్ చల్లగా ఉన్నప్పుడు ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది, లోడ్ పడ్డాకే బయటపడుతుంది. అదే 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సంగతి చూడండి: వెలుగుతున్నప్పుడు 529 ఓమ్స్, చల్లగా కొలిస్తే నలభై చుట్టుపక్కలే.

వోల్టేజీ పడిపోతే ఏమవుతుందన్నది కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. అదే గీజర్‌కు 190 వోల్టులే వస్తే 7.2 ఆంప్స్, దాదాపు 1370 వాట్లు. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి దాదాపు మూడో వంతు తగ్గింది. బోరు మోటారు దీనికి ఉల్టా. నీళ్లెత్తే భారం తగ్గదు కాబట్టి వోల్టేజీ పడితే కరెంటు పెరుగుతుంది. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఇది జూల్ 1841లో చూపించినది. లో వోల్టేజీలో మోటార్లు కాలిపోవడానికి ఇదొక కారణం. స్టార్టర్ దగ్గర మూడు ఫేజుల కరెంటూ ఒకసారి చూడమని రైతులకు తప్పకుండా చెప్తాను.

అయితే మోటార్ల దగ్గర ఈ సూటి లెక్క పనికిరాదు. వోల్టులను ఆంప్స్‌తో గుణిస్తే వచ్చేది వీఏ (వోల్ట్-ఆంపియర్లు), అసలు వాట్లు కావు. వాట్లు కావాలంటే పవర్ ఫ్యాక్టర్ (ఆ వీఏలో నిజంగా వాట్లయ్యే వంతు) తెలియాలి, త్రీ ఫేజ్‌కు 1.732తో కూడా గుణించాలి. పవర్ ఫ్యాక్టర్ నా మీటర్ చూపించదు. వైండింగ్ విషయంలో మాత్రం ఓమ్స్ రేంజ్ వాడతాను: మూడు వైండింగులూ సమానంగా ఉన్నాయా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

వాడకంలో ఇబ్బందులు లేకపోలేదు. ఫేజ్, న్యూట్రల్ రెండు వైర్లూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది, ఒక్క వైరే దవడలో ఉండాలి. అందుకే ఫేజ్ వైరు విడిగా బయటికి తీసిన చిన్న ఎక్స్‌టెన్షన్ తయారుచేసుకున్నాను. చిన్న కరెంట్లు సరిగ్గా రావు. వైరును దవడ చుట్టూ పది చుట్లు చుట్టి, రీడింగ్‌ను పదితో భాగిస్తే సరిపోతుంది. దవడ అంచుల్లో దుమ్ము చేరితే రీడింగ్ తగ్గుతుంది, తుడుస్తూ ఉండాలి. ప్రోబ్ వైర్లు మెడ దగ్గర పగిలితే టేపు చుట్టి నడిపించొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. లైవ్‌లో కొలిచే పని తెలిసినవాళ్లే చేయాలి, మీటర్ మీద క్యాట్ 3 (ఇంటి వైరింగ్ మీద కొలవడానికి తగిన భద్రత స్థాయి), 600 వోల్టులు అని ఉండాలి.

ఎల్‌ఈడీలు, బీఎల్‌డీసీ ఫ్యాన్ల కరెంటు తరంగం నునుపుగా ఉండదు, నా మీటర్ అక్కడ తప్పు చూపిస్తుంది. అందుకే ఇప్పుడు కొనేవాళ్లు ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్, అంటే తరంగం ఎలా ఉన్నా సరిగ్గా కొలిచేది, తీసుకోండి. వీలైతే డీసీ కరెంటు కూడా చూసేది. ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టుల డీసీది, ఇంట్లో 400 వాట్లు వాడితే ఇన్వర్టర్ నష్టాలతో కలిపి 40 ఆంప్స్ దాకా లాగుతుంది. టెర్మినల్ దగ్గర 0.02 ఓమ్ ఉన్నా 32 వాట్లు వేడిగా పోతాయి. నేను తర్వాత కొనబోయేది అలాంటిదే.