హేమల్‌కసా ఆసుపత్రి: ముప్పై ఏళ్లకు పైగా వెళ్తున్నవాడిగా నా మాట

మాది అహేరి. గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత ఒడ్డున ఉంటుంది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, సంతలో గోండి వినిపించే ఊరు. భామ్రాగఢ్ దగ్గర హేమల్‌కసాలో ఉన్న లోక్ బిరాదరీ ప్రకల్ప్ ఆసుపత్రికి నేను మొదట వెళ్లింది 1989లో, నాన్నకు తోడుగా. మొన్న కార్తీకంలో అమ్మను తీసుకువెళ్లాను. ఈ రెంటి మధ్య ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు.

మొదటిసారి వెళ్లింది మలేరియాకు. మా అడవుల్లో అది మెదడుకు ఎక్కే రకం. నాన్న వణుకుతూ సంబంధం లేని మాటలు మాట్లాడుతున్నాడు. ఆలపల్లి నుంచి జీపులో అరవై కిలోమీటర్ల అడవి దారి. అక్కడ వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం చుక్క తీసుకుని సూక్ష్మదర్శినిలో చూశారు, క్వినైన్ సెలైన్ ఎక్కించారు. ఆ రాత్రంతా నేను తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ కూర్చున్నాను. మూడో రోజు పొద్దున నాన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు.

కోలుకుంటున్నప్పుడు పక్క చాప మీదున్న మాడియా (ఇక్కడి గోండు ఆదివాసీ తెగ) ముసలాయనను డాక్టరు గోండిలో పలకరించడం నాన్న విన్నాడు. 'ఏర్' అంటే వాళ్లకు నీళ్లు. మన ఏరే కదా! మూడుకు మూండ్, నాలుగుకు నాలుంగ్. ఆ మాటలు విని నాన్న ఎంతో సంబరపడ్డాడు. ఆ డాక్టర్లు ఆ భాషను రోగుల దగ్గరే నేర్చుకున్నారు. ఆసుపత్రి ఎందుకు నిలబడిందని అడిగితే నేను ముందు ఈ సంగతే చెబుతాను.

వరోరా దగ్గర ఆనందవన్‌లో కుష్ఠు రోగులకు సేవ చేసిన బాబా ఆమ్టే 1973 డిసెంబరు 23న ఇక్కడ ఈ పని మొదలుపెట్టారు. కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని ఇద్దరూ డాక్టర్లు. పట్నంలో ప్రాక్టీసు వదులుకుని, కరెంటు లేని ఈ అడవిలో గుడిసె వేసుకుని ఉన్నారు. మొదట్లో ఎవరూ వచ్చేవారు కారు. ప్యాంటు, చొక్కా వేసుకున్న మనిషిని చూస్తే మాడియాలు అడవిలోకి తప్పుకునేవారట. మంత్రగాడు చేతులెత్తేసిన తరువాతే రోగిని మోసుకొచ్చేవారు. అలా వచ్చినవారిలో కొందరు బతికారు, ఆ కబురు ఊరూరా పాకింది. ఎలుగుబంటి చీల్చిన ముఖాలు, పాముకాట్లు, కాలిన గాయాలు, కష్టమైన కాన్పులు వచ్చాయి. లాంతరు వెలుగులోనే కుట్లు వేశారు. 1976లో బడి పెట్టారు. ఆ బడిలో చదివిన మాడియా పిల్లల్లో డాక్టర్లయినవారూ ఉన్నారు.

2008 ఫిబ్రవరిలో బాబా కన్నుమూశారు. అదే ఏడాది ప్రకాశ్, మందాకినిలకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ వార్త చదివి మా ఇంట్లో పాయసం వండుకున్నాం. ఇప్పుడు వాళ్ల కొడుకు దిగంత్ కూడా అక్కడే డాక్టరు. నాన్న పడుకున్న చోటుకు, నేడు అమ్మను పరీక్షించిన గదికి పోలికే లేదు. అయినా చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని రోగి వెంట వచ్చినవారు గంజి కాచుకోవడం నేను ఈసారి కూడా చూశాను. మంచం ఎక్కడానికి జంకిన ఒక మాడియా అవ్వను డాక్టరు నేల మీదే కూర్చుని పరీక్షించారు.

కొత్తగా వెళ్లేవారికి రెండు మాటలు చెప్పాలి. అన్ని జబ్బులకూ అక్కడ వైద్యం దొరకదు. నాన్నకు తరువాత గుండె నొప్పి వచ్చినప్పుడు, చూసిన వెంటనే 'ఇది మా చేతిలో లేదు, ఆలస్యం చేయకుండా నాగపూర్ తీసుకువెళ్లండి' అన్నారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, అంత దూరం తెచ్చాం కదా అని. అంతకుముందే ఒక పట్నంలో వేరే చోట మూడు రోజులు ఉంచుకుని, డబ్బు కట్టించుకుని, ఆఖరికి కూడా ఏమిటో తేల్చి చెప్పలేదు. దానితో పోల్చుకున్నాక, ఉన్నదున్నట్టు అప్పటికప్పుడు చెప్పిన ఆ డాక్టరుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండోది వాన. శ్రావణ భాద్రపదాల్లో పర్లకోట నది పొంగితే భామ్రాగఢ్‌కు దారి మూసుకుపోతుంది. ఆలపల్లి వైపు వాగులు కూడా రోడ్డు మీదికి వస్తాయి. జ్వరం రెండో రోజుకు దిగకపోతే మబ్బు చూసుకుని అప్పుడే బయలుదేరండి, మూడో రోజు వరకు ఆగకండి. చలికాలమైతే దుప్పటి, వండుకోవడానికి ఒక గిన్నె పట్టుకెళ్లండి.

అమ్మకు అక్కడి శస్త్రచికిత్స శిబిరంలోనే కంటి శుక్లం తీశారు. బయటి నుంచి వచ్చిన డాక్టర్లు చేశారు, మా దగ్గర ఫీజు తీసుకోలేదు. కట్టు విప్పిన రోజు అమ్మ ముందుగా ఎదురు మంచం మీద పిల్లవాడి చేతిలోని జామకాయను చూసింది. పండిందా, పచ్చిదా అని నన్ను అడగకుండా తనే చెప్పింది. రెండో కంటికి మళ్లీ రమ్మన్నారు. ఈసారి చెల్లెలు కూడా సిరోంచా నుంచి వస్తానంటోంది.